లోడుంటే మోగుతది, ఖాళీగుంటే మోగదు: లారీ సస్పెన్షన్ గాలికి హార్న్ కలిపితే జరిగేదేమిటి?

వరంగల్ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు పన్నెండు టైర్ల లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ చెప్పిన కంప్లయింట్ వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. "ఉస్తాద్, ఈ హార్న్‌కి ఏం దయ్యం పట్టిందో గని, భూపాలపల్లిల బొగ్గు నింపుకొని వస్తుంటే ఊరంత లేచేటట్టు మోగుతది. దించేసి ఖాళీగ పోతుంటే కీచుమని గూడ అనది."

ఉస్తాద్ ఫ్యూజు చూడలేదు, వైరు ముట్టుకోలేదు. ఒక్కటే అడిగాడు. "గాలి యాడికెల్లి గుంజిండ్రు తమ్మీ?"

"సస్పెన్షన్‌కెల్లి అన్నరు."

ఆ మాట వినగానే ఆయన నవ్వుకుంటూ లారీ వెనక భాగం కిందికి దూరాడు. అక్కడ ఏం చూశాడో అర్థం కావాలంటే ముందు ఒక లారీలో గాలి ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడికి పోతుందో తెలియాలి. ఈ మధ్య ఎయిర్ హార్న్ కిట్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతున్నాయి. వాటిని బిగించే వీడియోలు ఫోన్ల నిండా ఉన్నాయి. ఇంకోపక్క పోలీసులు, రవాణా శాఖల వాళ్లు వాటిని పీకేస్తున్నారు. 2025 అక్టోబరులో కేరళలో స్వాధీనం చేసుకున్న ఎయిర్ హార్న్‌లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. "సస్పెన్షన్‌కి గాలి ఎలాగూ ఉంది కదా, దానికే ఒక టీ జాయింటు కొట్టిస్తే పోలా?" అనే ప్రశ్న ఈ సందట్లో పుట్టిందే. వినడానికి ఒకే ప్రశ్నలా ఉంటుంది గానీ, అందులో ఏ గాలి, ఎంత గాలి, ఎవరి అనుమతితో అనే మూడు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి.

## ముందు మాటల చిక్కు

వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడ "ట్రక్" అంటే చాలాసార్లు పికప్ బండి. మనం ట్రక్ అనగానే లారీని ఊహించుకుంటాం. పికప్‌లో గాలి బ్రేకులు ఉండవు, నూనె బ్రేకులే. కాబట్టి అందులో గాలి కావాలంటే కరెంటుతో తిరిగే చిన్న కంప్రెసర్ విడిగా పెట్టుకోవాలి. లారీలో ఇంజిన్ తిప్పే పెద్ద కంప్రెసర్ పుట్టుకతోనే ఉంటుంది. పికప్ వీడియో చూసి లారీకి, లారీ మెకానిక్ మాట విని పికప్‌కి బిగించుకోవడం దగ్గరే సగం తికమక మొదలవుతుంది.

రెండో చిక్కు "ఎయిర్ సస్పెన్షన్" అనే మాటలో ఉంది. మామూలు లారీ బరువంతా కమాన్ పట్టీల మీద ఉంటుంది. వాటి బదులు రబ్బరు బెల్లోస్‌లో గాలి నింపి దాని మీద బండిని మోయించడమే ఎయిర్ సస్పెన్షన్. ఈ బెల్లోస్‌నే షెడ్లలో బెలూన్ అంటారు. కానీ మన రోడ్ల మీద ఇది మూడు రకాలుగా కనిపిస్తుంది. మల్టీ యాక్సిల్ వోల్వో బస్సుల్లో మొత్తం బండి బెలూన్ల మీదే నడుస్తుంది. పికప్‌లకు పెట్టుకునే హెల్పర్ బ్యాగుల్లో అసలు బరువు కమాన్ పట్టీలదే, బెలూన్లు పక్కన చెయ్యి వేసి సాయం పడతాయి. ఇక మూడోది మన బొగ్గు లారీల్లో, ఇసుక లారీల్లో, కరీంనగర్ గ్రానైట్ మోసే బండ్లలో కనిపించే లిఫ్ట్ యాక్సిల్. ఖాళీగా వెళ్లేటప్పుడు గాల్లో తేలుతూ కనిపించే ఆ టైర్ల జత సంగతి చూడండి, దాన్ని దించేదీ లేపేదీ గాలి బెలూన్లే. మన డ్రైవర్ "సస్పెన్షన్" అన్నది దీన్నే.

ఎయిర్ హార్న్ సంగతి తేలిక. మామూలు ఎలక్ట్రిక్ హార్న్‌లో కరెంటు రేకును కొట్టుకునేలా చేస్తుంది. ఎయిర్ హార్న్‌లో ఒత్తిడితో వచ్చే గాలి ఒక పలచని రేకును తోసుకుంటూ బయటపడుతుంది, రేకు మళ్లీ వచ్చి మూసుకుంటుంది, గాలి మళ్లీ తోస్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు జరిగే ఈ తోపులాటే శబ్దం. ముందున్న బూర దాన్ని పెంచి బయటికి పంపుతుంది. బూర పొడుగైతే గొంతు బొంగురు, పొట్టిదైతే కీచు. గాలి ఒత్తిడి తక్కువైతే రేకు సరిగా ఆడదు. హార్న్ దగ్గినట్టు మోగుతుంది, లేదా అసలు మోగదు.

## గాలి ఎక్కడ పుడుతుంది, ఎవరికి ఎంత వాటా

లారీలో కంప్రెసర్ గాలిని కొట్టి డ్రయ్యర్‌కి పంపుతుంది. డ్రయ్యర్ తడిని పీల్చేస్తుంది. ట్యాంకులు నిండగానే ఒక వాల్వ్ అదనపు గాలిని బయటికి వదిలేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఉన్నట్టుండి "టుస్సు"మని వినిపించేది అదే. చాలా లారీల్లో ఇది గేజి 8 కేజీల దగ్గర చూపిస్తున్నప్పుడు జరుగుతుంది. ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు కేజీ బరువు ఒత్తిడి. ఒక్కో కేజీ టైర్ల షాపు భాషలో సుమారు 14 పాయింట్లు (పీఎస్ఐ).

అక్కడి నుంచి గాలి నాలుగు దారుల వాల్వ్‌లోకి వస్తుంది. కథకు ముఖ్యమైన పాత్ర ఇదే. ముందు బ్రేకులకు ఒక దారి, వెనక బ్రేకులకు ఒక దారి, పార్కింగ్ బ్రేకుకు ఇంకోటి. నాలుగోది మిగతా చిల్లర పనులన్నిటికీ: క్లచ్ బూస్టర్, ఎగ్జాస్ట్ బ్రేకు, కొన్ని బండ్లలో డ్రైవర్ సీటు, లిఫ్ట్ యాక్సిల్, హార్న్. ఉమ్మడి కుటుంబంలో నలుగురు అన్నదమ్ములకి వాటాలు పంచినట్టు అన్నమాట. ఒకడు తన వాటా తగలేస్తే మిగతా ముగ్గురూ రోడ్డున పడకూడదు. ఒక దారిలో పైపు పగిలి గాలి పోతుంటే, ఒత్తిడి ఒక మట్టానికి పడగానే వాల్వ్ ఆ దారిని మూసేస్తుంది. మిగతా వాటిలో ఆ మట్టం దాకా గాలి నిలుస్తుంది. మట్టం మోడల్‌ని బట్టి మారుతుంది, చాలావాటిలో 4.5 నుంచి 6 కేజీల మధ్య ఉంటుంది.

ఎందుకింత జాగ్రత్త? లారీ పార్కింగ్ బ్రేకు మనం అనుకునేదానికి తలకిందులుగా పనిచేస్తుంది. దాన్ని పట్టించేది గాలి కాదు, బలమైన స్ప్రింగు. గాలి ఆ స్ప్రింగును వెనక్కి నొక్కి పట్టుకుని బండిని కదలనిస్తుంది. గాలి పూర్తిగా పోతే స్ప్రింగు గెలుస్తుంది, చక్రాలు పట్టేస్తాయి. నిలబెట్టిన బండికి ఇది రక్షణ. మూలమలుపులో లోడుతో ఉన్న బండికి మాత్రం ఇది టెన్షన్ పెట్టే విషయమే.

కాబట్టి హార్న్ టీ నాలుగో దారిలో పడిందా, వెనక బ్రేకు ట్యాంకు మీద పడిందా అనేది చిన్న తేడా కాదు. నాలుగో దారిలో హార్న్ పైపు ఊడితే క్లచ్ బరువెక్కుతుంది, హార్న్ పోతుంది, గాలి తగ్గిందని బజర్ మోగొచ్చు. అంతవరకే. అదే పైపు బ్రేకు ట్యాంకు నుంచి వచ్చి ఊడిందంటే ఆ బ్రేకుల గాలే రోడ్డు పాలవుతుంది. పాత షెడ్లలో "ఏ ట్యాంకైతేంది, గాలి గాలే" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట తప్పు. గాలి ఒకటే కావచ్చు, వాటాలు వేరు.

## ట్యాంకు గాలి వేరు, బెలూన్ గాలి వేరు

ఇప్పుడు అసలు ముడి. "సస్పెన్షన్ గాలి" అనేది రెండు చోట్ల ఉంటుంది. సస్పెన్షన్ వాల్వ్‌కి ముందు ట్యాంకులో ఉన్న గాలి ఒకటి. వాల్వ్ దాటి బెలూన్‌లోకి వెళ్లిపోయిన గాలి ఇంకొకటి. ట్యాంకులో ఒత్తిడి దాదాపు ఎప్పుడూ ఒకేలా, 7–8 కేజీల దగ్గర ఉంటుంది. బెలూన్‌లో మాత్రం బరువు ఎంతో ఒత్తిడి అంత.

లెక్క వేసి చూద్దాం. ఒక బెలూన్ బరువు మోసే వైశాల్యం 300 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. దాని మీద 1,500 కేజీల బరువు పడితే, 1,500ని 300తో భాగించండి: లోపల 5 కేజీల ఒత్తిడి ఉండాలి. లోడు దించాక దాని మీద 450 కేజీలే మిగిలాయి. ఇప్పుడు 1.5 కేజీలు చాలు. అంతకంటే ఎక్కువ గాలి ఉంటే బండి పైకి లేస్తుంది, అందుకే బండి ఎత్తును ఒకేలా ఉంచే లెవలింగ్ వాల్వ్ అదనపు గాలిని వదిలేస్తుంది. అంటే బెలూన్ లైనుకి హార్న్ కలిపినవాడికి లోడుతో 5 కేజీలు, ఖాళీగా 1.5 కేజీలు అందుతాయి. హార్న్ గొంతు తూకంతో పాటు మారుతుంది. తూకం కాంటా లేని ఊళ్లో ఇది పనికొస్తుందేమో గానీ హార్న్‌గా పనికిరాదు.

లిఫ్ట్ యాక్సిల్ దగ్గర కథ ఇంకా విచిత్రం. దానికి రెండు రకాల బెలూన్లు. ఒకటి టైర్లను రోడ్డుకి అదిమి బరువు మోసేది, రెండోది యాక్సిల్‌ని పైకి ఎత్తేది. క్యాబిన్‌లో స్విచ్చు నొక్కి యాక్సిల్ లేపినప్పుడు వాల్వ్ లోడ్ బెలూన్‌లోని గాలిని బయటికి వదిలి, ట్యాంకు గాలిని లిఫ్ట్ బెలూన్‌లో నింపుతుంది. మన డ్రైవర్ లారీకి ఎవరో లోడ్ బెలూన్ పైపుకే టీ పెట్టి హార్న్ కలిపారు. బొగ్గుతో వస్తుంటే యాక్సిల్ కింద, బెలూన్ నిండా గాలి, హార్న్ గర్జన. ఖాళీగా పోతుంటే యాక్సిల్ పైన, ఆ బెలూన్ ఖాళీ, హార్న్‌కి ఊపిరి లేదు. దయ్యమూ లేదు, భూతమూ లేదు.

నవ్వుకుని వదిలేసే సంగతి కాదిది. లోడు మీద హార్న్ నొక్కినప్పుడల్లా ఆ బెలూన్ తన వాటా గాలిని కోల్పోతోంది. ఆ క్షణంలో లిఫ్ట్ యాక్సిల్ మోయాల్సిన బరువులో కొంత పక్క యాక్సిళ్ల మీదికి జారుతుంది. రోజుకి వందసార్లు.

## ఒక్క నొక్కుకి ఎంత గాలి పోతుంది

గాలిని లెక్కపెట్టడానికి పాత సూత్రం ఒకటి చాలు: వేడి మారనంత వరకు ఒత్తిడిని పరిమాణంతో గుణిస్తే వచ్చేది మారదు. చిన్న మెలిక ఏంటంటే, గేజి సున్నా చూపించినా ట్యాంకులో బయటి గాలంత గాలి ఉంటుంది. కాబట్టి గేజి అంకెకి 1 కలుపుకోవాలి.

20 లీటర్ల ట్యాంకు, గేజి 8. అంటే 9 ఇంటూ 20, 180 లీటర్ల బయటి గాలిని కుక్కి పెట్టినట్టు. గేజి 5.5కి దిగితే 6.5 ఇంటూ 20, 130 లీటర్లు. తేడా 50 లీటర్లు. హార్న్ సెకనుకు 5 లీటర్లు తింటుందని అనుకుంటే 10 సెకన్లు మోగించొచ్చు. ఇంజిన్ కంప్రెసర్ నిమిషానికి 200 లీటర్లు ఇస్తుందనుకున్నా ఆ 50 లీటర్లు పావు నిమిషంలో తిరిగి వచ్చేస్తాయి. అందుకే లారీలో నాలుగో దారి ట్యాంకు నుంచి హార్న్ నడపడం గాలిపరంగా పెద్ద భారం కాదు. కొన్ని బండ్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే అలా వస్తాయి కూడా.

అదే హార్న్‌ని బెలూన్ లైనుకి పెట్టండి. ఖాళీ బండి, 8 లీటర్ల బెలూన్, 1.5 కేజీలు. 2.5 ఇంటూ 8, మొత్తం 20 లీటర్లు. ఒత్తిడి తక్కువ కాబట్టి హార్న్ కూడా నీరసంగా సెకనుకి 2 లీటర్లే లాగుతుందనుకుందాం. మూడు సెకన్లలో 6 లీటర్లు పోయాయి, మిగిలింది 14. 14ని 8తో భాగిస్తే 1.75, గేజిలో 0.75. మూడు సెకన్ల హార్న్‌కి బెలూన్ బలం సగానికి సగం పోయింది. నిజానికి గాలి పోయేకొద్దీ బెలూన్ కుంగి లోపలి చోటు తగ్గుతుంది కాబట్టి ఒత్తిడి ఇంత పడదు. దాని బదులు బండి ఒకవైపు వంగుతుంది. లెవలింగ్ వాల్వ్ ఉంటే మెల్లగా మళ్లీ నింపుతుంది. కావాలనే దాన్ని నిదానంగా పనిచేసేలా తయారు చేస్తారు, లేకపోతే ప్రతి గుంతకీ గాలి ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. ఆ నిదానంలోనే బండి ఒరిగి లేస్తుంది.

## పికప్ వాళ్ల కష్టం వేరు

హెల్పర్ బ్యాగులున్న పికప్‌ల్లో చాలావాటికి అసలు కంప్రెసరే ఉండదు. సైకిల్ ట్యూబుకి ఉన్నట్టు ఒక మొన ఉంటుంది, టైర్ల షాపులో గాలి పట్టించుకుని రావాలి. అందులోంచి హార్న్ నడపడమంటే లోటాలో నీళ్లతో పొలం పారించినట్టే. పైగా చాలా కిట్ల తయారీదార్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కనీసం 5 పాయింట్ల గాలి ఉంచమంటారు. గాలి పూర్తిగా పోతే రబ్బరు మడతపడి నలిగిపోతుంది.

కంప్రెసర్, చిన్న ట్యాంకు పెట్టుకున్నవాళ్లకి దారి ఉంది. కానీ అంకెలు చూడండి. 5 లీటర్ల ట్యాంకు, 8 నుంచి 5.5కి దిగేలోపు ఇచ్చేది పన్నెండున్నర లీటర్లు. సెకనుకు 5 లీటర్లు తినే హార్న్‌కి రెండున్నర సెకన్ల ముచ్చట. నిమిషానికి 25 లీటర్లిచ్చే 12 వోల్టుల కంప్రెసర్ దాన్ని తిరిగి నింపడానికి అర నిమిషం. రైలు హార్న్ లాంటి పెద్ద బూరలు పెట్టినవాళ్లు ఇంకా పెద్ద ట్యాంకు కోసం వెతికేది ఇందుకే. ఈ చిన్న కంప్రెసర్లు ఆగకుండా తిరగడానికి చేసినవి కావు. హార్న్ సరదాకి తరచూ తిరిగి వేడెక్కి కాలిపోతే, లోడు రోజున బ్యాగులో గాలి ఎక్కించడానికి దిక్కుండదు.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ఒకే ట్యాంకు చాలనేవాళ్లు ట్యాంకుకీ బెలూన్‌కీ మధ్య వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ ఉంటే హార్న్ ఎంత తాగినా బెలూన్ గాలి కదలదంటారు. అది నిజమే. హార్న్‌కి విడిగా చిన్న ట్యాంకు, విడి కంప్రెసర్ ఉండాలనేవాళ్లది ఇంకో అనుభవం: చెక్ వాల్వ్‌లో చిన్న చెత్త ఇరుక్కుంటే అది రెండు వైపులా గాలి వదిలే గొట్టమే. ఖర్చు తక్కువ మొదటి పద్ధతికి, నమ్మకం ఎక్కువ రెండోదానికి. నన్నడిగితే రోజూ లోడు మోసే బండికి రెండోదే నయం.

## తడి, దుమ్ము, బ్యాటరీ

బొగ్గు రోడ్ల మీద తిరిగే బండికి ఇంకో శత్రువు దుమ్ము. బటన్ నొక్కితే గాలి వదిలేది సోలెనాయిడ్ వాల్వ్. అది మూసుకునే అంచు మీద బొగ్గు పొడి పేరుకుంటే సరిగా మూసుకోదు. హార్న్ మోగదు గానీ సన్నగా గాలి పోతూనే ఉంటుంది. పొద్దున లేచేసరికి ఆ దారిలో గాలి ఉండదు. డ్రయ్యర్ సరిగా పనిచేయకపోతే ట్యాంకులో నీళ్లు చేరతాయి. పొద్దున్నే ట్యాంకు కింద మర తిప్పి నీళ్లు వదిలే అలవాటు పోయిన బండ్లలో ఆ నీళ్లు హార్న్ రేకు దాకా పోయి తుప్పు పట్టిస్తాయి. గొంతు బొంగురుపోయిందని హార్న్ మార్చేవాళ్లలో కొందరు మార్చాల్సింది డ్రయ్యర్ డబ్బాని.

కరెంటు సంగతీ అంతే. పెద్ద లారీల్లో 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి. మార్కెట్లో దొరికే కిట్లు చాలావరకు 12 వోల్టులవి. వాటికోసం ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగడం షెడ్లలో మామూలే. మోగుతుంది కూడా. కానీ ఆ ఒక్క బ్యాటరీయే ఎక్కువ ఖాళీ అవుతుంది. ఆల్టర్నేటర్ రెండింటినీ కలిపి చార్జ్ చేస్తుంది కాబట్టి ఒకటి ఎప్పుడూ అరకడుపుతో, రెండోది అజీర్తితో ఉంటాయి. ఆరు నెలలకి బ్యాటరీ పోతే తప్పు బ్యాటరీ కంపెనీ మీదికి పోతుంది.

## "హార్న్ లేకుంటే బండి నడుస్తదా?"

డ్రైవర్ల వాదన తీసిపారేయలేం. ములుగు దాటి ఏటూరునాగారం వైపు అడవిలో పోతుంటే మలుపు అవతల ఏముందో కనపడదు. పశువులు, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న బైకు కుర్రాళ్లు, రోడ్డు మీద వడ్లు ఆరబోసుకున్న రైతులు. ఇరవై ముప్పై టన్నుల బండి బ్రేకు వేసినా వెంటనే ఆగదు. "మా హార్న్ సప్పుడు కాదు సర్, మా బ్రేకుల మొదటి పది అడుగులు అదే" అన్నాడు ఒక ఇసుక లారీ డ్రైవర్. కంపెనీ హార్న్ క్యాబిన్ అద్దాలు మూసుకుని పాటలు పెట్టుకున్న కారువాడికి వినపడదనేది వాళ్ల ఫిర్యాదు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. రోడ్డు పక్క ఇళ్లవాళ్లకి రాత్రి రెండింటికి ఆ హార్న్ నిద్రలో పిడుగు. పక్కనుంచి పోయే బైకు మీద మనిషి ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తే, ప్రమాదాన్ని ఆపాల్సిన హార్నే ప్రమాదం తెస్తుంది. అందరూ గొంతు పెంచేకొద్దీ ఎవరి గొంతూ వినపడదు. కారువాడు అద్దాలు మూసుకున్నదే ఈ హార్న్‌ల కోసం కదా!

ఈ వాదనలో అంకెలు కొంత సాయం చేస్తాయి. శబ్దాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. 10 డెసిబెల్‌లు పెరిగితే శబ్దపు శక్తి పది రెట్లు. తెరిపి ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. మన దేశంలో వాహనం హార్న్ 7 మీటర్ల దూరంలో 93 నుంచి 112 డెసిబెల్‌ల మధ్య ఉండాలి. గరిష్ఠమైన 112నే తీసుకోండి. 14 మీటర్ల దగ్గర 106, 28 దగ్గర 100, 56 దగ్గర 94, 112 మీటర్ల దగ్గర 88. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్‌లు పరిమితి. ఆ పరిమితి కొంతసేపటి సగటుకి పెట్టింది, ఒక్క క్షణానికి కాదు, కాబట్టి రెండింటినీ నేరుగా తూచలేం. అయినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వంద మీటర్ల అవతల నొక్కిన హార్న్, అదీ చట్టం ఒప్పుకున్న హార్న్, వార్డు కిటికీ దగ్గరికి ఏ స్థాయిలో చేరుతుందో ఊహకు అందుతుంది. దానికి మించిన బూర సంగతి వేరే చెప్పక్కర్లేదు.

## చట్టం ఏమంటోంది, ఏమనడం లేదు

"ఎయిర్ హార్న్ బ్యాన్" అని అందరూ అంటారు గానీ, కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 119వ నియమం చూస్తే భాష కొంచెం వేరుగా ఉంటుంది. బండికి భారతీయ ప్రమాణానికి సరిపోయే ఎలక్ట్రిక్ హార్న్ గానీ అలాంటి ఇంకో పరికరం గానీ ఉండాలంటుంది. ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు స్వరాలు పలికే మల్టీ టోన్ హార్న్ గానీ, మితిమీరి కర్కశంగా, కీచుగా, పెద్దగా, బెదరగొట్టేలా మోగే పరికరం గానీ అమర్చకూడదంటుంది. అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు బండ్ల వంటివాటికి మినహాయింపు. అంటే ఆ నియమం పట్టుకున్నది గాలిని కాదు, గొంతుని. రెండు బూరలు కలిసి ఒకేసారి మోగడం వేరు, పెళ్లి బ్యాండులా రాగం తీయడం వేరు. రెండోది సూటిగా నిషిద్ధం. మొదటిది ప్రమాణం దాటిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇందుకే కొందరు డ్రైవర్లు "నాది ఒకే సౌండు సర్" అని వాదిస్తారు. వాదనకు చోటు ఉంది గానీ, బజార్లో దొరికే బూరల్లో ప్రమాణం ముద్ర ఉన్నవి ఎన్ని అనేది అసలు ప్రశ్న.

శిక్షల సంగతి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద నియంత్రణ ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. అవసరం లేకుండా హార్న్ మోగిస్తే, లేదా వద్దన్న చోట మోగిస్తే 194ఎఫ్ సెక్షన్ కింద 1,000, మళ్లీ దొరికితే 2,000. అక్కడికక్కడే కట్టించుకునే కాంపౌండింగ్ మొత్తాన్ని రాష్ట్రాలు వేరుగా నిర్ణయిస్తాయి కాబట్టి చలానా మీద పడే అంకె వేరుగా ఉండొచ్చు.

వారంటీ గొడవ ఇంకోటి. గాలి లైనులో బయటివాళ్లు టీ కొట్టారని తెలిస్తే ఆ దారిలో వచ్చే ఏ లోపానికైనా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఎక్కువ. బ్రేకు ట్యాంకు మీద టీ ఉన్న బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు సర్వేయర్ మొదట వేలు పెట్టేది కూడా అక్కడే.

ఆటోనగర్‌లో ఆ సాయంత్రం ఉస్తాద్ లోడ్ బెలూన్ పైపు మీది టీ తీసేసి, అక్కడ కొత్త పైపు ముక్క వేశాడు. హార్న్ లైనుని నాలుగో దారి ట్యాంకుకి మార్చి, మధ్యలో చేత్తో మూసే చిన్న కాక్ పెట్టాడు. సోలెనాయిడ్ కూడా 24 వోల్టులది వేశాడు. యాక్సిల్ పైకి లేపి ఒకసారి, దించి ఒకసారి నొక్కి చూశారు. రెండుసార్లూ ఒకే గర్జన. పక్క షెడ్డులో చాయ్ తాగుతున్నవాడి చేతిలో గ్లాసు ఒలికింది.

"ఫిట్‌నెస్‌కి పోయేటప్పుడు ఈ కాక్ మూస్తే సరిపాయె గదా అన్నా?" డ్రైవర్ ముఖం వెలిగిపోతోంది.

"సరిపోదు తమ్మీ. మోగించొద్దని కాదు, అసలు పెట్టొద్దనే రాసుంది. కాక్ మూసినా బూర బంపర్ మీదనే గదా ఉండేది."

"అయితే విప్పుడేనా?"

"పదమూడు నంబర్ పానా పడతది" అన్నాడు ఉస్తాద్, చేతులు తుడుచుకుంటూ.